హోల్డ్ అంటే కాలం, సస్టెయిన్ అంటే ఎత్తు

అందరికీ నమస్కారం. ఈరోజు విషయం మాడ్యులర్ సింథసైజర్ ఎన్వలప్‌లో హోల్డ్. ముందు శబ్దం వినండి, మాటలు తర్వాత.

(50 హెర్ట్జ్ సైన్ తరంగంతో చేసిన కిక్ డ్రమ్ దెబ్బను రెండు రకాలుగా వినిపించారు.)

తరంగాన్ని పుట్టించే ఆసిలేటర్ అదే, వోల్టేజీని బట్టి శబ్దాన్ని పెంచి తగ్గించే వీసీఏ అదే, ఆ వీసీఏను నడిపే ఎన్వలప్ ఎక్కే గరిష్ఠ వోల్టేజీ కూడా అదే. అయినా మొదటిది తట్టినట్టుంది, రెండోది గుద్దినట్టుంది. రెండోదాంట్లో అదనంగా ఉన్నది 40 మిల్లీసెకన్ల హోల్డ్, అంటే ఎన్వలప్ శిఖరం దగ్గర ఆగే కాలం, అంతే. ఆ 40 మిల్లీసెకన్లు ఏం చేశాయో చూద్దాం.

50 హెర్ట్జ్ అంటే ఒక్కో ఆవృత్తికి 20 మిల్లీసెకన్లు పడుతుంది. మొదటి కిక్‌లో అటాక్, అంటే ఎన్వలప్ ఎక్కే కాలం, 1 మిల్లీసెకను. ఆ వెంటనే ఎక్స్‌పొనెన్షియల్ డికే, అంటే దిగుడు; టైమ్ కాన్‌స్టంట్ (37 శాతానికి దిగడానికి పట్టే కాలం) 40 మిల్లీసెకన్లు. 20 మిల్లీసెకన్లు గడిచేసరికి ఎన్వలప్ 61 శాతానికి దిగిపోతుంది. 40కి 37 శాతం. అంటే తరంగం ఒక్క చుట్టైనా నిండుగా తిరగకముందే 4 డెసిబెల్స్ పైగా కోల్పోయాం, రెండో చుట్టు ముగిసేసరికి దాదాపు 9. బేస్‌కు ఊపిరి తీసుకునే వ్యవధే లేదు.

ఇక్కడ చాలామంది చేసే పని డికే పెంచడం. సరే, పెంచుదాం, టైమ్ కాన్‌స్టంట్‌ను 80 చేద్దాం. రెండు చుట్లు పూర్తయ్యేసరికి 61 శాతం మిగిలింది, కొంత నయమే. కానీ తోక చూడండి. ఎక్స్‌పొనెన్షియల్ డికే ఒక్కో టైమ్ కాన్‌స్టంట్‌కు సుమారు 8.7 డెసిబెల్స్ తగ్గుతుంది కాబట్టి, 60 డెసిబెల్స్ దిగడానికి దాదాపు 6.9 టైమ్ కాన్‌స్టంట్లు కావాలి. 80తో అది 550 మిల్లీసెకన్లు దాటుతుంది. 120 బీపీఎంలో, అంటే నిమిషానికి 120 బీట్లతో, ఒక బీట్ 500 మిల్లీసెకన్లు. అంటే ఈ కిక్ తోక తర్వాతి కిక్ నెత్తిన కూర్చుంటుంది. అదే 40 హోల్డ్, ఆపైన పాత 40 డికే పెట్టుకుంటే? రెండు చుట్లూ నూటికి నూరు శాతం నిండుగా ఉంటాయి, మొత్తం 320 మిల్లీసెకన్ల లోపే తోక అణిగిపోతుంది. ముందు భాగం బలపడింది, వెనక భాగం బరువెక్కలేదు. డికే నాబ్ ఎంత తిప్పినా ఈ రెండూ కలిసి రావు.

కాబట్టి ఒక తేడా మనసులో పెట్టుకోండి. సస్టెయిన్ అనేది ఎత్తు. అది ఎంతసేపు ఉండాలో గేట్ (కీ నొక్కి ఉన్నంతసేపూ పైనుండే వోల్టేజీ) చెబుతుంది, అంటే మీ వేలో, నోట్లను వరుసగా వాయించే సీక్వెన్సర్ గేట్ పొడవో. హోల్డ్ అనేది కాలం. ఎంతసేపు ఉండాలో ఎన్వలప్పే చెబుతుంది, వేలితో దానికి సంబంధం లేదు. 2 మిల్లీసెకన్ల ట్రిగ్గర్ (క్షణకాలం వచ్చే వోల్టేజీ పల్స్) ఇచ్చినా, 2 సెకన్ల గేట్ ఇచ్చినా హోల్డ్ హోల్డే. ఏడీఎస్ఆర్ ఎన్వలప్‌కు (అటాక్, డికే, సస్టెయిన్, గేట్ పోయాక దిగే రిలీజ్) ట్రిగ్గర్ మాత్రమే ఇస్తే సస్టెయిన్ నాబ్ అలంకారమైపోతుంది, గమనించే ఉంటారు. డ్రమ్ ప్యాచ్‌లలో (మాడ్యూళ్లను కేబుళ్లతో కలిపిన అమరికల్లో) మనకు దొరికేది ఎక్కువగా ట్రిగ్గర్లే. హోల్డ్ అవసరం అక్కడ మొదలవుతుంది.

ఇది కొత్త సరుకేమీ కాదు. ఎన్వలప్‌ను నాలుగు భాగాలుగా చేయమని 1965లో స్వరకర్త వ్లదీమిర్ ఉస్సచెవ్‌స్కీ సింథసైజర్ తయారుచేసే రాబర్ట్ మోగ్‌ను అడిగారు. మనం ఏడీఎస్ఆర్ అని పిలిచేది అదే. 1969లో వచ్చిన ఈఎంఎస్ వీసీఎస్3 సింథసైజర్‌లో ట్రెపిజాయిడ్ జనరేటర్‌కు (దాని ఎన్వలప్‌కు) నాలుగు నాబ్‌లుంటాయి: అటాక్, ఆన్, డికే, ఆఫ్. ఆ ‘ఆన్’ నాబే మన హోల్డ్. ‘ఆఫ్’ నాబ్‌తో రెండు ఎన్వలప్‌ల మధ్య విరామం కూడా పెట్టుకుని దానంతట అదే తిరిగేలా చేయొచ్చు. 1978 నాటి కోర్గ్ ఎంఎస్-20 సింథసైజర్ రెండో ఎన్వలప్‌లోనూ హోల్డ్ అని నాబ్ ఉంది. కానీ అది వేరే జాతి. అది శిఖరం దగ్గర ఆపదు, కీ వదిలాక కూడా గేట్ ఇంకా ఉన్నట్టు నటిస్తుంది. పేరు ఒకటే, ఇంటిపేర్లు వేరు.

అందుకే ఏదైనా మాడ్యూల్ మీద హోల్డ్ అని కనిపిస్తే అది ఏ హోల్డో ముందు తేల్చుకోవాలి. అటాక్‌కూ డికేకూ మధ్య నిర్ణీత కాలం నిలిచేది ఒకటి. గేట్‌ను పొడిగించేది ఇంకొకటి. గేట్ ఉన్నంతసేపూ పైనే ఉండేదాన్ని కూడా కొందరు హోల్డ్ అంటారు, నిజానికి అది సస్టెయిన్‌ను గరిష్ఠంలో బిగించడమే. శాంపుల్ అండ్ హోల్డ్‌కు (ఒక క్షణంలోని వోల్టేజీని పట్టి ఉంచేది) వీటిలో దేనితోనూ చుట్టరికం లేదు. తేల్చుకునే పరీక్ష సులువు. అటాక్ 1 సెకను, హోల్డ్ 2 సెకన్లు, డికే 1 సెకను పెట్టి, ఎల్ఈడీనో స్కోప్‌నో చూస్తూ మూడుసార్లు గేట్ ఇవ్వండి. మొదట చిన్న ట్రిగ్గర్, తర్వాత 5 సెకన్ల గేట్, చివరగా ఒకటిన్నర సెకన్ల దగ్గర వదిలేసే గేట్. మూడోసారి ఏం జరిగిందన్నదే కీలకం. కొన్ని మాడ్యూళ్లు హోల్డ్ మధ్యలో గేట్ పోగానే రిలీజ్‌లోకి దూకుతాయి, కొన్ని హోల్డ్ పూర్తిచేసే కదులుతాయి. రెండో రకమైతేనే డ్రమ్స్‌కు నిశ్చింతగా వాడుకోవచ్చు. మొదటి రకాన్ని కీబోర్డుకు ఉంచుకోండి.

ఇప్పుడు హోల్డ్ లేని మాడ్యూళ్లతో హోల్డ్ చేయడం. అందరి దగ్గరా ఉండే సామానుతో మొదలుపెడదాం.

మొదటి పద్ధతి: ట్రిగ్గర్‌ను నిర్ణీత పొడవున్న గేట్‌గా మార్చి, ఆ గేట్ అంచులను వాలుగా చేయడం. డోప్‌ఫర్ ఏ-162 లాంటి ట్రిగ్గర్ డిలే మాడ్యూల్‌లో డిలే, లెంగ్త్ అని రెండు నాబ్‌లుంటాయి. డిలేను కనిష్ఠానికి దించేసి లెంగ్త్‌తో గేట్ పొడవు పెట్టండి. ఆ గేట్‌ను మేక్ నాయిస్ కంపెనీ మ్యాథ్స్ మాడ్యూల్ ఒకటో ఛానెల్‌కు ఇవ్వండి. ట్రిగ్గర్ జాక్‌కు కాదు, సిగ్నల్ జాక్‌కు. ట్రిగ్గర్ జాక్‌కు ఇస్తే అది ఎక్కి వెంటనే దిగుతుంది, గేట్ పొడవును పట్టించుకోదు. సిగ్నల్ జాక్‌కు ఇస్తే రైజ్ వేగంతో ఎక్కి, గేట్ ఉన్నంతసేపూ నిలిచి, ఫాల్ వేగంతో దిగుతుంది. మీకు కావలసిన అటాక్–హోల్డ్–డికే వచ్చేసింది.

కానీ ఆదిలోనే హంసపాదు ఒకటుంది. గేట్ పొడవులోనే అటాక్ కూడా కలిసి ఉంటుంది. గేట్ 80, రైజ్ 10 అయితే అసలు హోల్డ్ 70 మాత్రమే. రైజ్‌ను 120 చేశారనుకోండి, శిఖరం చేరకముందే గేట్ అయిపోతుంది. లీనియర్ వాలు అయితే మూడింట రెండు వంతుల ఎత్తులోనే ఆగి వెనక్కి తిరుగుతుంది. అటాక్ పెంచితే శబ్దం చిన్నదైపోతోందని వీసీఏను అనుమానించేవాళ్లు ముందు ఇక్కడ చూడాలి. అటాక్ మార్చినప్పుడల్లా గేట్ పొడవును కూడా మార్చాల్సిందే.

రెండో చిక్కు వోల్టేజీది. మ్యాథ్స్ ట్రిగ్గర్‌తో నడిస్తే 10 వోల్టుల దాకా ఎక్కుతుంది. సిగ్నల్ జాక్‌తో నడిస్తే ఇచ్చిన గేట్ ఎంత ఎత్తుంటే అంతే. గేట్ 5 వోల్టులైతే ఎన్వలప్ కూడా 5 వోల్టులే, 8 వోల్టుల దగ్గర పూర్తిగా తెరుచుకునే వీసీఏ సగం పైచిలుకే తెరుచుకుంటుంది. మ్యాథ్స్ రెండో ఛానెల్ వోల్టేజీని పెంచగలదు. గేట్‌ను ముందు దానిలోంచి పంపి, ఆ తర్వాత ఒకటో ఛానెల్‌కు ఇస్తే సరి.

రెండో పద్ధతి నాకు ఎక్కువ ఇష్టం, ఎందుకంటే ఇందులో టైమరే ఉండదు: శిఖరాన్ని కోసేయడం. మామూలు ఎన్వలప్‌ను 10 వోల్టుల దాకా ఎక్కనివ్వండి. దాన్నీ, స్థిరమైన 5 వోల్టులనూ కలిపి మినిమం తీసే మాడ్యూల్‌కు ఇవ్వండి, డోప్‌ఫర్ ఏ-172 లాంటిది. రెండింటిలో ఏది తక్కువైతే అదే బయటికి వస్తుంది కాబట్టి 5 దాటిన భాగమంతా చదునైపోతుంది. అదే మీ హోల్డ్. లెక్క చూడండి. లీనియర్ రైజ్ 100, లీనియర్ ఫాల్ 400 మిల్లీసెకన్లు. 5 దగ్గర కోస్తే ఎక్కేటప్పుడు 50, దిగేటప్పుడు 200, మొత్తం 250 మిల్లీసెకన్ల హోల్డ్. మిగిలిన అటాక్ 50, డికే 200. 8 దగ్గర కోస్తే హోల్డ్ 100కు పడిపోతుంది. అంటే ఆ స్థిర వోల్టేజీ స్థానంలో సీక్వెన్సర్ వోల్టేజీ పెడితే ఒక్కో స్టెప్‌కు ఒక్కో హోల్డ్ దొరుకుతుంది. కోసే ఎత్తు మారితే శబ్దం స్థాయి కూడా మారుతుంది, అది నచ్చకపోతే మినిమం తర్వాత వోల్టేజీని పెంచి, వీసీఏ పూర్తిగా తెరుచుకునే ఎత్తుకు మించి తోయండి. ఇంకో జాగ్రత్త: కొన్ని మినిమం మాడ్యూళ్లలో ఖాళీగా వదిలేసిన జాక్‌ను సున్నా వోల్టులుగా లెక్కిస్తారు. అప్పుడు బయటికి వచ్చేదీ సున్నాయే. ఎన్వలప్ అస్సలు రాకపోతే మిగిలిన జాక్‌లకు కూడా అదే 5 వోల్టులు మల్టిపుల్‌తో పంచి చూడండి.

మూడో పద్ధతి అసలైన హోల్డ్, కాస్త కేబుళ్ల ఖర్చు. ఒక ఫ్లిప్‌ఫ్లాప్ (సెట్ చేస్తే పైన, రీసెట్ చేస్తే కింద నిలిచేది), ఒక స్లూ (వోల్టేజీ మార్పును వాలుగా చేసేది), ఒక కంపారేటర్ (వోల్టేజీ ఒక స్థాయి దాటితే గేట్ ఇచ్చేది), ఒక ట్రిగ్గర్ డిలే కావాలి. ట్రిగ్గర్ వచ్చి ఫ్లిప్‌ఫ్లాప్‌ను సెట్ చేస్తుంది. దాని అవుట్‌పుట్ స్లూలోంచి ఎక్కడం మొదలుపెడుతుంది. స్లూ పైకి చేరిందని కంపారేటర్ గుర్తించి డిలేను కదిలిస్తుంది. డిలే పూర్తయ్యాక వచ్చే ట్రిగ్గర్ ఫ్లిప్‌ఫ్లాప్‌ను రీసెట్ చేస్తుంది, ఎన్వలప్ దిగుతుంది. ఇక్కడ అటాక్ ఎంత పొడవు పెట్టినా హోల్డ్ మారదు, ఎందుకంటే శిఖరం చేరాకే గడియారం మొదలైంది. కంపారేటర్ స్థాయి ఎక్కడ పెట్టాలన్నదే సున్నితమైన పని. ఎన్వలప్ 5 వోల్టులదైతే 4.5 దగ్గర పెట్టండి. ఎక్స్‌పొనెన్షియల్ వాలు చివర్లో నత్తనడక నడుస్తుంది: 4.5 చేరడానికి 2.3 టైమ్ కాన్‌స్టంట్లు చాలు, 4.95 అని పెడితే 4.6 కావాలి. పూర్తి 5 అని పెడితే ఎప్పటికీ చేరకపోవచ్చు, అప్పుడు నోట్ ఆగకుండా మోగుతూనే ఉంటుంది. పవర్ వేయగానే ఫ్లిప్‌ఫ్లాప్ సెట్ అయి మేల్కొంటే, ట్రిగ్గర్ ఇవ్వకుండానే ఎన్వలప్ మొదలవుతుంది. రీసెట్‌కు ఒక ట్రిగ్గర్ చేత్తో ఇచ్చి ప్యాచ్ మొదలుపెట్టడం మంచిది. పైగా హోల్డ్ మధ్యలో వచ్చే రెండో ట్రిగ్గర్‌ను ఈ ప్యాచ్ లెక్కచేయదు, ఎందుకంటే ఫ్లిప్‌ఫ్లాప్ అప్పటికే సెట్ అయి ఉంది. వేగంగా కొట్టే దెబ్బలు మాయమవుతుంటే కారణం అదే.

మ్యూటబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ స్టేజెస్ మాడ్యూల్ ఉన్నవాళ్లకు ఇంత గొడవ లేదు. మొదటి సెగ్మెంట్ ఆకుపచ్చ, అంటే ర్యాంప్. రెండోది ఎరుపు, అంటే హోల్డ్. మూడోది మళ్లీ ఆకుపచ్చ. ట్రిగ్గర్ మొదటి సెగ్మెంట్ గేట్ జాక్‌లో మాత్రమే పెట్టండి, మిగతా రెండింటి గేట్ జాక్‌లు ఖాళీగా ఉండాలి, లేకపోతే గొలుసు తెగి విడివిడి సెగ్మెంట్లైపోతాయి. అవుట్‌పుట్ మొదటి సెగ్మెంట్ నుంచే తీసుకోండి. ఎరుపు సెగ్మెంట్ స్లైడర్ ఎత్తును, దాని పైనున్న నాబ్ కాలాన్ని నిర్ణయిస్తాయి. స్లైడర్ కింద ఉండిపోతే శబ్దమే రాదు, చాలామంది మాడ్యూల్ పాడైందనుకునేది అక్కడే. హోల్డ్ సెగ్మెంట్ లూప్‌లో పడితే అది సస్టెయిన్‌లా ప్రవర్తిస్తుంది, బటన్‌ను నొక్కిపట్టి లూప్ తీసేయండి.

సోల్డరింగ్ చేసేవాళ్ల కోసం ఒక్క మాట. 555 టైమర్ చిప్‌తో మోనోస్టేబుల్ (ఒక ట్రిగ్గర్‌కు ఒక నిర్ణీత పల్స్ ఇచ్చే సర్క్యూట్) కడితే కాలం 1.1 ఇంటూ ఆర్ (రెసిస్టర్ విలువ) ఇంటూ సీ (కెపాసిటర్ విలువ). 1 మైక్రోఫారడ్ ఫిల్మ్ కెపాసిటర్, 1 కిలో ఓమ్ సిరీస్ రెసిస్టర్, 100 కిలో ఓమ్‌ల పాట్ పెడితే 1.1 నుంచి సుమారు 111 మిల్లీసెకన్ల దాకా వస్తుంది. డ్రమ్స్‌కు అది చాలు. ఎలక్ట్రోలిటిక్ వద్దు, లీకేజీ వల్ల పెద్ద రెసిస్టర్లతో కాలం నిలకడగా ఉండదు. 555 ట్రిగ్గర్ పిన్ కిందికి లాగితే పనిచేస్తుంది, కాబట్టి ముందు ట్రాన్సిస్టర్‌తో తలకిందులు చేయాలి. ఆ పిన్ ఎంతసేపు కింద ఉంటే అవుట్‌పుట్ అంతసేపూ పైనే ఉంటుంది. అంటే పొడవాటి గేట్ ఇస్తే మీ హోల్డ్ కాస్తా సాగిపోతుంది. దారిలో 10 నానోఫారడ్ కెపాసిటర్, పిన్ దగ్గర సప్లైకి 10 కిలో ఓమ్ రెసిస్టర్ పెడితే గేట్ అంచు మాత్రమే లోపలికి వెళుతుంది. ఆ రెసిస్టర్‌కు సమాంతరంగా ఒక డయోడ్ పెడితే వెనక్కి వచ్చే స్పైక్ అణుగుతుంది. సీమాస్ రకం 7555 వాడండి. పాత బైపోలార్ 555 మారే ప్రతిసారీ సప్లై నుంచి కరెంటు గుంజి ఆడియోలో టిక్కుమనిపిస్తుంది. హోల్డ్ మధ్యలో మళ్లీ ట్రిగ్గర్ వస్తే కాలం మొదటి నుంచి లెక్కపెట్టాలంటే 555 పనికిరాదు, 4538 చిప్ వాడాలి. దాని కాలం నేరుగా ఆర్ ఇంటూ సీ.

సరే, హోల్డ్ దొరికింది. ఎంత పెట్టాలి?

కిక్ వాల్యూమ్‌కు తరంగం ఒకటి నుంచి రెండు చుట్లు. 50 హెర్ట్జ్‌కు 20 నుంచి 40, 60 హెర్ట్జ్‌కు 17 నుంచి 33 మిల్లీసెకన్లు. కిక్ పిచ్ ఎన్వలప్‌కు మాత్రం చాలా తక్కువ. 250 హెర్ట్జ్ నుంచి కిందికి జారుతుంటే 4 మిల్లీసెకన్ల హోల్డ్ అంటే సరిగ్గా ఒక చుట్టు. దెబ్బకు మొన వస్తుంది. 10 దాటితే చెవి దాన్ని స్వరంగా గుర్తుపట్టేస్తుంది, కిక్ కాస్తా టామ్ అవుతుంది. ఆసిలేటర్‌ను ట్రిగ్గర్‌తో రీసెట్ చేయడం మర్చిపోకండి. చేయకపోతే ప్రతి దెబ్బా తరంగంలో వేర్వేరు చోట మొదలై, ఒకటి గట్టిగా ఒకటి మెత్తగా వినిపిస్తుంది. నింద హోల్డ్ మీద పడుతుంది.

స్నేర్ నాయిస్‌కు 10 నుంచి 20. రివర్బ్ తర్వాత వీసీఏ పెట్టి 250 హోల్డ్, 20 రిలీజ్ ఇస్తే గేటెడ్ రివర్బ్ (తోక హఠాత్తుగా తెగే ప్రతిధ్వని) వస్తుంది. వ్యాక్ట్రాల్ (ఎల్ఈడీ వెలుగును బట్టి మారే రెసిస్టర్) ఉన్న లోపాస్ గేట్‌కైతే (శబ్దం స్థాయినీ పదునునూ కలిపి తగ్గించేది) వాలు అక్కర్లేదు, ఒట్టి హోల్డ్ చాలు. వ్యాక్ట్రాల్ తెరుచుకోవడానికి కొన్ని మిల్లీసెకన్లు పడుతుంది, 1 మిల్లీసెకను ట్రిగ్గర్ దాన్ని సగంలోనే వదిలేస్తుంది. 15 మిల్లీసెకన్ల గేట్ ఇస్తే పూర్తిగా తెరుచుకుంటుంది, దిగడం అదే చూసుకుంటుంది. లోపాస్ గేట్ నీరసంగా ఉందనే ఫిర్యాదుల్లో చాలావాటికి మందు ఇదే.

ఇక పై హద్దు. 120 బీపీఎంలో పదహారో వంతు నోట్ 125 మిల్లీసెకన్లు, 140లో 107. అటాక్, హోల్డ్ కలిపి దీన్ని మించితే వీసీఏ మూసుకునే అవకాశమే ఉండదు, నోట్లన్నీ అతుక్కుపోతాయి. ఒక స్టెప్‌ను నాలుగు ముక్కలు చేసే రాచెటింగ్‌లో 120 దగ్గర ఒక్కో ముక్కకు దక్కేది 31 మిల్లీసెకన్లే. అక్కడ 40 హోల్డ్ పెట్టి దెబ్బలు వినపడట్లేదంటే ఎలా?

యాక్సెంట్‌ను, అంటే ఒక దెబ్బను మిగతావాటికన్నా నొక్కి వినిపించడాన్ని, అందరూ ఎత్తు పెంచి చేస్తారు. నా అభిప్రాయంలో హోల్డ్ 15 మిల్లీసెకన్లు పెంచి చేసిన యాక్సెంట్ ఎక్కువ సహజంగా ఉంటుంది. మిక్సర్‌లో మీటరు దాదాపు కదలదు, చెవికి మాత్రం దెబ్బ తెలుస్తుంది.

ప్రశ్నలుంటే అడగండి.

ప్రశ్న: హోల్డ్ అయిపోయే చోట చిన్న క్లిక్ వస్తోందండీ. డికే పెంచితే పోతోంది, కానీ డికే అంత వద్దు.

అది మూల దగ్గర వచ్చే క్లిక్. చదునుగా ఉన్న ఎన్వలప్ ఒక్కసారిగా 2 మిల్లీసెకన్లలో పడిపోతే, 50 హెర్ట్జ్ తరంగాన్ని మధ్యలో కత్తిరించినట్టే. ఎన్వలప్ తర్వాత చిన్న స్లూ పెట్టండి, 2 నుంచి 3 మిల్లీసెకన్లు. మూల గుండ్రపడుతుంది. అటాక్‌ను కూడా అది కొంచెం మెత్తబరుస్తుంది, కాబట్టి దిగే వైపు మాత్రమే స్లూ చేసే మాడ్యూలైతే ఇంకా మేలు.

ప్రశ్న: నా దగ్గర మ్యాథ్స్ ఒక్కటే ఉంది. ట్రిగ్గర్ డిలే, మినిమం ఏవీ లేవు. హోల్డ్ కోసం ఇంకో మాడ్యూల్ కొనాలా?

కొనేముందు కర్వ్ నాబ్ తిప్పి చూడండి. లీనియర్ ఫాల్ 300 మిల్లీసెకన్లు అనుకోండి. సగం దూరం, అంటే 150 దగ్గర వోల్టేజీ సగమైంది, కానీ లీనియర్ వీసీఏతో అది 6 డెసిబెల్స్ తగ్గుదల మాత్రమే. మిగిలిందంతా రెండో సగంలో పడిపోతుంది. అంటే లీనియర్ ఫాల్‌లోనే సగం హోల్డ్ దాగి ఉంది. ముందు నెమ్మదిగా కదిలి చివర్లో వేగంగా పడే వంపు దొరికితే ఇంకా ఎక్కువ. వీసీఏ లీనియర్‌లో ఉందో లేదో మాత్రం చూసుకోండి. ఎక్స్‌పొనెన్షియల్‌లో ఉంటే ఎన్వలప్ కొంచెం దిగినా శబ్దం చాలా పడిపోతుంది, ఈ లాభమంతా హరించుకుపోతుంది.

ప్రశ్న: కీబోర్డుతో వాయిస్తున్నప్పుడు కీ తొందరగా వదిలేస్తే నోట్ తెగిపోతోంది. శిఖరం హోల్డ్ పెట్టినా తేడా లేదు.

మీకు కావలసింది శిఖరం హోల్డ్ కాదు, ఎంఎస్-20 రకం. కీబోర్డు గేట్‌నూ, అదే గేట్‌తో కదిలించిన 150 మిల్లీసెకన్ల టైమర్ గేట్‌నూ డోప్‌ఫర్ ఏ-166 లాంటి లాజిక్ మాడ్యూల్ ఇన్‌పుట్‌లకు ఇచ్చి, దాని OR అవుట్‌పుట్‌ను (రెండు గేట్లలో ఏది పైనున్నా పైనే ఉండేది) ఏడీఎస్ఆర్ గేట్ జాక్‌కు పెట్టండి. కీ ఎంత తొందరగా వదిలినా 150 తప్పదు, ఎక్కువసేపు నొక్కితే మీ ఇష్టం. లాజిక్ మాడ్యూల్ లేకపోతే రెండు 1ఎన్4148 డయోడ్లు చాలు: రెండు గేట్లూ చెరో డయోడ్‌లోంచి వచ్చి ఒకచోట కలవాలి, అక్కడి నుంచి గ్రౌండ్‌కు 100 కిలో ఓమ్. డయోడ్ దగ్గర 0.6 వోల్టు పోతుంది, 5 వోల్టుల గేట్‌కు అది లెక్కలోకి రాదు. ఆ 100 కిలో ఓమ్ మర్చిపోతే మాత్రం గేట్ కిందికి దిగక నోట్ వేలాడుతుంది.